స్తంభించిన ల్యాప్‌టాపు

ల్యాప్‌టాపు మాటిమాటికి స్తంభించి, తుదకు ప్రారంభమే కాకున్నచో, మనవారు తక్షణమే ఫార్మాటు చేయింపుఁడని సలహా నొసంగుదురు. ఇది నాకు సమ్మతము కాదు. ఫార్మాటు చేసినచో విద్యార్థి సంవత్సరమంతయు వ్రాసికొనిన పాఠములు తుడిచిపెట్టుకొని పోవును. దోషము మాత్రము పెక్కుమారు లట్లే నిలిచియుండును. హార్డుడిస్కు జీర్ణించుటయో, ఫ్యానులో దుమ్ము పేరుకొని యంత్రము వేడెక్కుటయో, ర్యాము సరిగా నమరకుండుటయో కారణమైనచో క్రొత్త విండోసు దాని నెట్లు బాగుచేయఁగలదు?

యంత్రము లేవకున్నంతమాత్రమున నది పాడైనట్లు కాదు. 2024 జూలై 19వ తేదిని క్రౌడ్‌స్ట్రయిక్ అను సంస్థ పంపిన దోషయుక్తమగు అప్‌డేటుచే సుమారు 85 లక్షల విండోసు కంప్యూటరులు నిలిచిపోయినవి. సేఫ్ మోడున ప్రవేశించి యొక్క ఫైలును తొలగింపఁగా వానిలోఁ బెక్కులు యథాప్రకారము పనిచేసినవి.

కావున మొదట చార్జరును, పెన్‌డ్రైవులను ఊడఁదీసి, పవరు మీటను కొన్ని సెకండు లదిమిపట్టి, మరల ప్రయత్నింపవలెను. తెర వెలిగియు విండోసు రాకున్నచో, పెన్‌డ్రైవునుండి లినక్సును నడిపి ఫైళ్లను వేఱొకచో దాఁచవలెను. (బిట్‌లాకరు ఉన్న యంత్రమునకు రికవరీ సంఖ్య కావలయును, దానిని ముందే వ్రాసియుంచుకొనుట మేలు.) హార్డుడిస్కు టకటక ధ్వని చేయుచున్నచో నీ ప్రయత్నమును వలదు, నడిపినకొలఁది మిగిలినదియు నశింపవచ్చును. మరమ్మతు చేయువారికి యంత్రము నప్పగించునపుడు, ఫైళ్లను ముందుగాఁ దీయుఁడని తలిదండ్రులు స్పష్టముగాఁ జెప్పవలెను. కూలి బేరము తరువాత.