పసుపుపచ్చ చొక్కా

మా ఇంట్లో పాతబట్టలు ఏడాదికొకసారి స్టీలు గిన్నెలుగా అవతారమెత్తుతుంటాయి. మొన్న ఆదివారంనాడు ఆ శుభకార్యం జరుగుతున్నది. సామానువాడు గుమ్మంలో గంప దించుకుని కూర్చున్నాడు. మా ఆవిడ లోపలినుంచి బట్టలు తెచ్చి కుప్ప పోస్తున్నది. నా పంచెలు రెండు పోయాయి, నేను కిమ్మనలేదు. పెళ్ళినాటి కోటు పోయింది, అప్పుడూ కిమ్మనలేదు. ఇంతలో మా మేనల్లుడు మేడమీదనుంచి మూడేసి మెట్లు ఒక్క అంగలో దిగివచ్చి, కుప్పలోంచి ఒక పసుపుపచ్చ చొక్కాను లాక్కుని చంకలో పెట్టుకున్నాడు.

“ఇది ఇవ్వడానికి వీల్లేదు అత్తయ్యా!”

“భుజం దగ్గర చిరిగింది కదురా. పైగా ఆ క్లబ్బు మన ఊళ్ళో లేనే లేదనీ, ఢిల్లీ వెళ్ళిపోయిందనీ మొన్న నువ్వే కదూ ఏడ్చావు?”

“క్లబ్బు పోతే పోయింది. మనోలో పేరు పోయిందా?”

ఈ మనోలో ఎవరని మా ఆవిడ అడగలేదు. మా ఇంట్లో ఆ పేరు తెలియనివారు లేరు. మా మేనల్లుడు చదువుకోసం మా దగ్గర చేరిన నాటినుంచి పొద్దున కాఫీతో ఒకసారి, రాత్రి మజ్జిగతో ఒకసారి ఆ నామస్మరణ జరుగుతూనే ఉన్నది. కాని పాఠకులకు తెలియాలి కనుక చెబుతాను.

ముందే ఒక మాట మనవి చేసుకోవాలి. నేను తెలుగు ఎమ్మే చదివినవాణ్ణి. యతి ఎక్కడ పడాలో చెప్పమంటే చెప్పగలను గాని, ఫుట్‌బాలులో ఆఫ్‌సైడు అంటే ఏమిటో మావాడు ఉప్పుడబ్బా, పోపులడబ్బా, మూడు చెంచాలు పెట్టి ఎన్నిసార్లు బోధించినా నా బుర్రకెక్కలేదు. కాబట్టి ఆట నైపుణ్యాన్ని విమర్శించే సాహసం చేయను. ఒక మనిషిని వేలాదిమంది ఎందుకు పొగుడుతారన్నదే నాకు కావలసిన సంగతి. పొగడ్త మా సబ్జెక్టే కదా!

2019లో హైదరాబాద్ ఎఫ్‌.సి. అని ఒక క్లబ్బు పుట్టి ఇండియన్ సూపర్ లీగులో చేరింది. గచ్చిబౌలి స్టేడియం దాని సొంత మైదానం. పుట్టుకే అపశకునం. మొదటి ఆటలో కలకత్తా జట్టు చేతిలో 5–0తో ఓడింది. ఆ ఏడు 18 ఆటలు ఆడి గెలిచినవి 2, ఓడినవి 12. వచ్చినవి 10 పాయింట్లు. పది జట్లలో పదో స్థానం. మధ్యలో ఇంగ్లీషు కోచ్‌ను పంపేశారు. తరువాత ఏటికని మాట్లాడుకున్న స్పెయిన్ దేశపు కోచ్ కాస్తా, బార్సిలోనా క్లబ్బు పిలిచిందని 2020 ఆగస్టులో వెళ్ళిపోయాడు. వెళ్ళినవాణ్ణి తప్పుపట్టలేం. బార్సిలోనా పిలిస్తే ఎవరు ఆగుతారు?

ముహూర్తం దగ్గరపడ్డాక పెళ్ళికొడుకు పారిపోయినట్లయింది క్లబ్బు పని. అప్పుడు తెచ్చారు మనోలో మార్కెజ్‌ను. ఆయనా బార్సిలోనా ఊరివాడే. యాభై దాటిన మనిషి. స్పెయిన్ పెద్ద లీగులో లాస్ పాల్మాస్ అనే జట్టుకు కొద్దికాలం కోచ్‌గా చేశాడు. అంతకుమించి మనవాళ్ళెవరూ ఆయన పేరు విన్నపాపాన పోలేదు. దానికి తోడు కరోనా. లీగు మొత్తం గోవాలోనే జరిపారు. ఆటగాళ్ళు హోటళ్ళలో బందీలు, స్టేడియాలు ఖాళీ, గోలు పడితే చప్పట్లు కొట్టే నాథుడు లేడు.

ఆ సీజనులో ఆయన చేసిన పని పైకి చూడడానికి చిన్నదే. కుర్రవాళ్ళను ఆడించాడు. ఆకాశ్ మిశ్రా అని ఉత్తరప్రదేశం కుర్రవాడు, ఇంకా ఇరవై నిండలేదు. ఆశిష్ రాయ్, మహమ్మద్ యాసిర్, లిస్టన్ కొలాసో — వీళ్ళను ఓడినా గెలిచినా మార్చకుండా దింపుతూ పోయాడు. ముందటేడు 12 ఆటలు ఓడిన జట్టు ఈసారి 20 ఆటల్లో 3 మాత్రమే ఓడింది. గెలిచినవి 6 అయితే సమానంగా ముగిసినవి 11! ఆఖరి ఆటలో గోవాను గెలిస్తే మొదటి నాలుగింట్లో చేరేది. అదీ 0–0. అయిదో స్థానంతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

నాకు బాగా జ్ఞాపకం. ఆ రాత్రి మావాడు అన్నం తినలేదు గాని, వాడి స్నేహితులందరూ ఫోన్లలో ఆ స్పెయిన్ ఆయన్ని మెచ్చుకుంటూనే ఉన్నారు. “కప్పు రాలేదు కదురా, పొగడ్త ఎందుకు?” అన్నాను. “మామయ్యా, పోయినేడు రెండో గోలు పడగానే టీవీ కట్టేసేవాళ్ళం. ఈ ఏడు ఒక్కరోజు కూడా కట్టెయ్యలేదు” అన్నాడు. అది విని నాకు మా కాలేజీలో ఒక సంవత్సరం జ్ఞాపకం వచ్చింది. అందరూ తప్పుతారని మేమే వదిలేసిన ఒక సెక్షనుకు కొత్తగా వచ్చిన లెక్కల మాస్టారు మొదటి నెలంతా హాజరుపట్టీలో పేర్లు తప్పులేకుండా పిలవడం తప్ప గొప్పగా ఏమీ చెయ్యలేదు. పిల్లలు మాత్రం క్లాసుకు రావడం మొదలుపెట్టారు.

2021–22లో ఒక నియమం మారింది. అంతవరకు మైదానంలో ఒక్కో జట్టుకు అయిదుగురు విదేశీయులుండవచ్చు; ఇప్పుడు నలుగురే. తక్కిన ఏడుగురూ మన దేశపువాళ్ళే కావాలి. కుర్రవాళ్ళను తయారుచేసుకున్నవాడికి ఇది కలిసివచ్చింది. లిస్టన్‌ను కలకత్తావాళ్ళు కొనుక్కుపోయినా జట్టు చెక్కుచెదరలేదు. నైజీరియానుంచి వచ్చిన ఒగ్బెచే ఒక్కడే 18 గోళ్ళు కొట్టాడు. లీగులో రెండో స్థానం, 38 పాయింట్లు. సెమీఫైనలులో రెండాటలూ కలిపి 3–2తో మోహన్ బగాన్‌ను దాటి, 2022 మార్చి 20న గోవాలో ఫతోర్డా స్టేడియంలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనలు.

ఆ ఆటకు జనాన్ని రానిచ్చారు. మావాడికి సెలవు లేదు. మా ఇంట్లోనే టీవీ ముందు పదిమంది చేరారు. తెరమీద చూద్దును గదా, స్టేడియమంతా పసుపుపచ్చటి సముద్రం! మనవాళ్ళవీ పసుపుపచ్చ చొక్కాలే. “ఓహో, మన ఊరినుంచి ఎంతమంది వెళ్ళార్రా!” అని నేను పులకించిపోయాను. కుర్రవాళ్ళు నన్ను జాలిగా చూశారు. కేరళవారి రంగూ పసుపేనట. ఆనాడు లెక్కప్రకారం హైదరాబాదు సొంతజట్టు కనుక పసుపు మనకు దక్కి, వాళ్ళు నలుపూ నీలమూ వేసుకుని ఆడారు. గ్యాలరీలో కూర్చున్న వేలాదిమంది మలయాళీలు మాత్రం పసుపు విడిచిపెట్టలేదు. చూస్తే అంతా మనవారే, అరిస్తే అంతా పరాయివారే! పెళ్ళిలో ఆడపెళ్ళివారూ మగపెళ్ళివారూ ఒకే అంచు చీరలు కట్టినట్లున్నది.

68వ నిమిషంలో రాహుల్ కేరళకు గోలు కొట్టాడు. ఆ పసుపు సముద్రం ఉప్పొంగింది. మా హాల్లో పదిమందీ నోళ్ళు మూసుకున్నారు. ఆట అయిపోవచ్చింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా — మధ్యలో మనోలో దింపిన మనిషి — గోలుకు దూరంగా నిలబడి తన్నిన తన్నుకు బంతి మూలకు దూసుకుపోయింది. మా ఆవిడ పొయ్యిమీది పాలు వదిలేసి వచ్చి చూసింది. పాలు పొంగాయి. శుభమేనన్నాను.

చివరకు పెనాల్టీలు. గోలు కాసేవాడు లక్ష్మీకాంత్ కట్టిమని, గోవా మనిషి. అతని కథ మావాడు అప్పుడే నా చెవిలో వేశాడు. 2015లో ఇదే ఫతోర్డాలో, ఇదే లీగు ఫైనలులో, అతను గోవాకు కాపలా. గోవా 2–1తో గెలుస్తున్నది. 90వ నిమిషంలో పడ్డ గోలు అతని ఖాతాలోనే, సొంతగోలుగా, రాశారు. వెంటనే మరొకటి పడి కప్పు చెన్నైకి పోయింది. అటువంటివాణ్ణి, ముప్పైరెండేళ్ళవాణ్ణి, మనోలో మళ్ళీ అదే మైదానంలో నిలబెట్టాడు. ఆ రాత్రి కట్టిమని మూడు పెనాల్టీలు ఆపాడు. అందులో ఒకటి, గీతదాటి ముందుకు వచ్చావని రెఫరీ మళ్ళీ కొట్టిస్తే, మళ్ళీ ఆపాడు! 3–1తో కప్పు హైదరాబాదుది.

తరువాత మా హాల్లో జరిగిన స్తోత్రపాఠం సంగతి ఏమని చెప్పను! ఒకడు ఆయన్ని దేవుడన్నాడు; ఒకడు తండ్రి అన్నాడు; బిర్యానీ తప్ప పవిత్రవస్తువు ఎరుగని ఒకడు, బిర్యానీలో ఉప్పులాంటివాడన్నాడు. నేను ప్రబంధాలలో కృతిపతుల వర్ణనలు ఏళ్ళతరబడి పాఠం చెప్పినవాణ్ణి. ఆ పొగడ్తల వెనక అగ్రహారాలుంటాయి, కనకాభిషేకాలుంటాయి. ఈ కుర్రవాళ్ళకు ఏమున్నది? పొగిడినవాడికి తెలుగు రాదు. వీళ్ళకు స్పానిషు రాదు. పైగా రెండేళ్ళు ఆయన జట్టును కళ్ళారా చూసినదే లేదు. 2022 అక్టోబరులో గచ్చిబౌలిలో మళ్ళీ ఆట పెట్టినప్పుడు గాని చూడలేదు. ఆనాడు బెంగుళూరు జట్టును 1–0తో గెలిచారు. మావాడు గొంతుపోయి వచ్చి మూడురోజులు సైగలతో కాలక్షేపం చేశాడు. ఇల్లు ప్రశాంతంగా ఉన్నది.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు. ఉర్దూ మాస్టారుగా రిటైరయ్యారు. ఎనభై దాటాయి. ఆయన మాత్రం ఈ భజనకు లొంగలేదు. “లెక్చరర్ సాబ్, ఈ పిల్లలకు రహీం సాబ్ ఎవరో చెప్పండి ముందు” అన్నారు. చెప్పవలసిన మాటే. సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాదు స్కూలు మాస్టరు. ఆయన తీర్చిన సిటీ పోలీసు జట్టు 1950 నుంచి వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1962 జకార్తా ఏషియన్ క్రీడల్లో ఆయన జట్టు మొదటి ఆట దక్షిణ కొరియాకు 2–0తో ఓడింది. ఫైనలులో అదే కొరియాను 2–1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. మరుసటి ఏడు జూన్‌లో ఆయన కాన్సరుతో పోయాడు.

“రహీం సాబ్ ఏం చేసేవారో తెలుసా? బలంలేని కాలితోనే తన్నాలని పోటీలు పెట్టేవారు. కుడికాలివాడు ఎడమకాలితో!” అన్నారు మాస్టారు. మావాడు కాసేపు ఆలోచించి, “అంటే రోజూ చెయ్యాలి కదా తాతా, ఆ పని?” అన్నాడు. “రోజూ, బేటా. తెల్లారకముందే.” ఆనాటినుంచి ఇద్దరికీ స్నేహం కుదిరింది. నన్ను వదిలేసి వాళ్ళే మాట్లాడుకుంటారు.

ఆ ‘రోజూ’ అన్న మాట తరువాత మరొక సందర్భంలో అక్కరకు వచ్చింది. 2022–23లోనూ లీగులో రెండో స్థానం తెచ్చిపెట్టి మనోలో గోవా క్లబ్బుకు వెళ్ళిపోయాడు. 2024లో భారతజట్టుకు కూడా కోచ్ అయ్యాడు. ఏడాదిలో ఎనిమిది ఆటలు. గెలిచింది ఒక్కటే, అదీ మాల్దీవుల మీద. బంగ్లాదేశ్‌తో 0–0. హాంకాంగ్ చేతిలో ఓటమి. దేశమంతా తిట్టిపోసింది. 2025 జులైలో ఆ ఉద్యోగం ముగిసింది. మా కాలేజీ స్టాఫ్‌రూములో ఒక మిత్రుడు, “మీ మేనల్లుడి దేవుడు ఇంతేనా?” అని నన్ను ఎద్దేవా చేశాడు. నేను నవ్వి ఊరుకున్నాను గాని, మావాడు ఊరుకోలేదు. “దేశం జట్టుకు ఆటగాళ్ళు పదిరోజులు వస్తారు, పోతారు. పదిరోజుల్లో ఎవడి ఎడమకాలు బాగుపడుతుంది మామయ్యా? అదే ఏడు మే నెలలో గోవాకు సూపర్ కప్పు తెచ్చాడు కదా, అది రోజూ చూసుకునే జట్టు!” అన్నాడు. మేనమామను కాబట్టి పక్షపాతమేమో గాని, ఆ వాదంలో నాకు లోపం కనిపించలేదు.

ఆయన వెళ్ళాక మన క్లబ్బు గతి చెప్పాలంటే మనసొప్పదు. జీతాలు సరిగా అందలేదు, విదేశీయులు వెళ్ళిపోయారు, 2023–24లో 22 ఆటల్లో 1 గెలుపు, 8 పాయింట్లు, మళ్ళీ అడుగుస్థానం. ఆ ఏడు గోవా జట్టుతో ఆయన గచ్చిబౌలి వచ్చినప్పుడు మావాడు పసుపుపచ్చ చొక్కాతో వెళ్ళి, ఎదుటివారి బల్లమీద కూర్చున్న మనిషికి లేచి నిలబడి చప్పట్లు కొట్టి వచ్చాడు. పక్కవాళ్ళెవరో కోప్పడ్డారట. ఆనాడు మనం గెలవలేదు. తరువాత క్లబ్బు చేతులు మారింది. 2025లో పేరు మార్చుకుని ఢిల్లీ చేరింది. బలంలేని కాలితో పోటీలు పెట్టిన ఊరికి, ఆరేళ్ళు తిరక్కుండానే, ఆ లీగులో జట్టు లేకుండా పోయింది. దాన్ని నిలబెట్టడం కోచ్ చేతిలో పనికాదు.

“ఆ టీము మళ్ళ వస్తదా బాబూ?” అని అడిగాడు సామానువాడు. అంతసేపూ గంప ముందు కూర్చుని అంతా విన్నాడు పాపం. మావాడు జవాబు చెప్పకుండా చొక్కా మడత పెట్టుకున్నాడు. మా ఆవిడ సూదీ దారం తీసుకురమ్మని నన్ను లోపలికి పంపింది.

నేను తిరిగివచ్చేసరికి, కుప్పలో ఒకటి తగ్గిందని సామానువాడు ఇవ్వబోయిన మూతగిన్నె వెనక్కు తీసుకుని, నా పెళ్ళికోటుకు ఒక గరిటె ఇచ్చి వెళ్ళిపోయాడు. మా ఆవిడ ఆ మూతగిన్నె సంగతి ఇంకా మరచిపోలేదు.