కీళ్లవాతము – నేత్రరక్షణము

కీళ్లవాతము కీళ్లతోనే ఆగునను భ్రమ ఎందరి చూపునకో చేటు తెచ్చుచున్నది. స్వదేహమునే శత్రువుగా నెంచు రోగనిరోధకశక్తి అశ్రుగ్రంథులను దెబ్బతీయగా కన్నులు పొడిబారి, ఇసుక పడినట్లు గరగరలాడుట సామాన్యము. తెల్లగ్రుడ్డు ఎఱ్ఱబడి, నిద్రపట్టనీయని పోటు పుట్టినచో నది స్క్లెరైటిస్ (తెల్లగ్రుడ్డు వాపు) కావచ్చును. దానిని కండ్లకలకగా భావించి దుకాణమున చుక్కలమందు కొని వేసికొనుట మిక్కిలి ప్రమాదకరము. అరుదుగా, నొప్పియే లేకుండ తెల్లగ్రుడ్డు పలుచనై కరగిపోవుటయు కలదు. ఈ వ్యాధికి వాడు ఔషధములును నిర్దోషములు కావు: స్టెరాయిడ్లు శుక్లములను, నీటికాసులను తేగలవు, హైడ్రాక్సీక్లోరోక్విన్ దీర్ఘకాలము వాడినచో రెటీనా చెడవచ్చును గనుక, ఆరంభమున నొకమాఱు, 5 సంవత్సరముల పిమ్మట ఏటేట నేత్రపరీక్ష ఆవశ్యకము. హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు వ్రాయు వైద్యుడు ఆ చీటీమీదనే నేత్రవైద్యునకు సిఫారసు వ్రాయుట నియమము కావలెను. రోగి తానై అడుగుదాక వేచియుండుట తగదు.