బిల్టీ మీద ఆ రెండు మాటలు

ముంబయిలోని భారత ఫ్రైట్ ఫార్వర్డర్ల సంఘాల సమాఖ్య అధ్యక్షుల వారికి,



సున్నిపెంట నుంచి రాస్తున్నాను. శ్రీశైలం డ్యామ్ కట్టేటప్పుడు వెలసిన ప్రాజెక్టు కాలనీ ఇది. మైదుకూరులో, నంద్యాలలో లారీ బ్రోకరాఫీసుల్లో ముప్పై ఏళ్లకు పైగా బుకింగ్ గుమాస్తాగా చేసి, ఇప్పుడు ఇక్కడ కొడుకు దగ్గర ఉంటున్నాను. మీ వ్యాపారానికి ఇంగ్లీషులో పెద్ద పేరుంది. మా సీమలో దాన్ని 'లోడు పంపడం' అంటాం. సరుకు ఉన్నచోటి నుంచి కావాల్సిన చోటికి చేరే ఏర్పాటు చూడటమే ఇద్దరి పనీ. ఆ వృత్తి బంధుత్వంతోనే ఈ ఉత్తరం.

ఏటా ఉగాదికి ముందు కర్ణాటక నుంచి లక్షలమంది శ్రీశైలం మల్లన్న దర్శనానికి వస్తారు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా చూసుకునే జనం వాళ్లు. అందులో చాలామంది ఆత్మకూరు దగ్గర వెంకటాపురంలో అడవి దారి పట్టి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా కాలినడకనే వస్తారు. బస్సు లేదు, కొట్టు లేదు, చాలాచోట్ల ఫోను కూడా పలకదు. అయినా దారి పొడుగునా ఎవరో ఒకరు మంచినీళ్లు పోస్తారు, ఎవరో అన్నం పెడతారు, బొబ్బలెక్కిన కాళ్లకు ఎవరో నూనె రాస్తారు. ఒక మజిలీలో విడిచిన మనిషిని ఇంకో మజిలీలో అందుకునేవాళ్లు ఉంటారు. ముసలివాళ్లు కూడా ఆ ధైర్యంతోనే అడవిలో అడుగు పెడతారు.

ఇదే అడవిలో పోయే మూటకు మాత్రం అలా అందుకునే దిక్కు లేదు.

పోయిన చలికాలం ఒక రాత్రి లింగాలగట్టు దగ్గర టీ బంకులో డీసీఎం డ్రైవరొకడు కలిశాడు. మార్కాపురం వైపు నుంచి హైదరాబాదుకు బత్తాయి లోడు. తెల్లారి పాటకు బాటసింగారం మార్కెట్లో దించాలి. దోర్నాల గేటు ఎనిమిదింటికే దాటేశానని సంబరపడ్డాడట. ఘాటు ఎక్కి దిగి డ్యామ్ దాటబోయేసరికి అవతల దోమలపెంట గేటు పడిపోయింది. ఇటు నాగార్జునసాగర్–శ్రీశైలం, అటు అమ్రాబాద్, రెండూ పులుల అభయారణ్యాలే. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా రెండువైపులా దారి మూస్తారు. మూయాల్సిందే. ఆ తొమ్మిది గంటలూ అడవి పులిది, దుప్పిది. అందులో నాకు పేచీ లేదు.

నేనడిగింది ఒకటే: "ఏమబ్బా, లోడు ఒప్పుకున్న బ్రోకరుకు ఈ లెక్క తెలీదా? ఒకే రాత్రి రెండు గేట్లు ఎట్లా దాటుతావనుకున్నాడు?"

"ఆయనకెందుకు పెద్దాయనా, కమీషను సాయంత్రమే తీసుకున్నాడు" అని జేబులోంచి బిల్టీ, అదే సరుకు రసీదు, తీసి చూపించాడు. పల్చటి పసుపు కాగితం. కార్బన్ కాపీ కాబట్టి అంకెలు సగం మాసిపోయాయి. సంచుల లెక్క, కిరాయి, అడ్వాన్సు, బాకీ. తూకం గడి ఖాళీ. సరుకుదారు పేరుండాల్సిన చోట కమీషన్ కొట్టు పేరు. రైతు పేరు ఎక్కడా లేదు. కింద మూలన ఊదారంగు రబ్బరు స్టాంపు: 'ఓనర్స్ రిస్క్'. అంటే దారిలో ఏం జరిగినా సరుకువాడి కర్మ. పాట తప్పితే ఆ నష్టం బ్రోకరుకు లేదు, డ్రైవరుకు లేదు, ఊళ్లో పడుకుని ఉన్న బత్తాయి రైతుకు తప్ప ఎవరికీ లేదు.

అయ్యా, ఆ స్టాంపును తప్పుపట్టే హక్కు నాకు అంతగా లేదు. నా చేత్తో వేలసార్లు కొట్టాను. ఆఫీసులో కుర్చీ వేసిన మొదటిరోజు నాకు నేర్పిన పని అదే.

అది ఎంత పని చేస్తుందో నాకు తెలిసింది 2020లో. కృష్ణాపురం ఉల్లి అని మా కడప జిల్లాలో ఒక రకం పండుతుంది. చిన్నగడ్డ, ఘాటెక్కువ. మన వంటిళ్లలో దాన్ని పెద్దగా అడగరు. సింగపూర్, మలేషియా, శ్రీలంకల్లో అడుగుతారు. అంటే ఓడ ఎక్కితేనే దానికి ధర. ఆ ఏడు సెప్టెంబరు 14న కేంద్రం ఉల్లి ఎగుమతిని నిషేధించింది. దేశంలో ధరలు పెరుగుతున్నాయన్నారు. దేశం తినని ఉల్లి కూడా ఆ వలలోనే పడింది. అప్పటికే మా ఆఫీసులో బుకైన లారీ ఒకటి చెన్నై చేరి నిలబడిపోయింది. ఎగుమతిదారు తరఫు మనిషి ఫోను ఆపేశాడు. లారీ ఓనరు రోజురోజుకీ హాల్టింగ్ అడిగాడు. మా యజమాని నన్ను చూశాడు, నేను స్టాంపును చూపించాను. రైతు తిరుగు కిరాయి కూడా తానే కట్టుకుని మెత్తబడ్డ సంచులను వెనక్కి తెప్పించుకున్నాడు. ఆఫీసు అరుగు మీద కూర్చుని ఒక్కో గడ్డా నొక్కి చూసి బాగున్నవాటిని పక్కకు పెడుతుంటే, నేను లోపల కూర్చుని ఇంకో బిల్టీ రాస్తున్నాను.

ఇరవై ఐదు రోజులకు, అక్టోబరు 9న, కృష్ణాపురం ఉల్లికి సడలింపు ఇచ్చారు. మరుసటి మార్చి 31 దాకా పదివేల టన్నులు మించకూడదు, చెన్నై రేవు నుంచే పోవాలి, కడప ఉద్యాన శాఖ సహాయ సంచాలకుల ధ్రువపత్రం ఉండాలి. న్యాయమైన షరతులే. కానీ ఆ పత్రానికి ఎవరు అర్జీ పెట్టాలి, తెచ్చాక ఎక్కడ చూపాలి, పదివేల టన్నుల్లో మన వంతు ఎప్పుడు ఖర్చయిపోతుంది? ఈ సంగతులు అడుగుదామంటే మైదుకూరులో మీ వృత్తివాడు ఒక్కడూ లేడు. చెన్నైలో ఉన్నవాళ్లకు మా రైతుతో పని లేదు. వాళ్లకు కాగితం ఇచ్చేది ఎగుమతిదారు. ఎగుమతిదారుకు సరుకు ఇచ్చేది కమీషన్ కొట్టు. ఆ కొట్టుకూ లారీకీ మధ్య నేను, నా స్టాంపు.

అదే 2020 జనవరిలో పక్కనే తాడిపత్రిలో ఏం జరిగిందో మీకు తెలిసే ఉంటుంది. 43 శీతల కంటైనర్లలో 980 టన్నుల అరటి ఒకే రైలెక్కి నవీ ముంబయిలోని జవహర్‌లాల్ నెహ్రూ రేవుకు పోయింది. గెల కోయడం దగ్గర్నుంచి ఓడెక్కించేదాకా ఎవరి పని ఏమిటో ముందే తేల్చుకున్నారు కాబట్టి పోయింది. ఎండలు ఒకటే, నేల ఒకటే, దూరం మాత్రం చెన్నై కంటే చాలా ఎక్కువ. మంగంపేట ముగ్గురాయి సంగతీ అంతే. ఓబులవారిపల్లె నుంచి వెంకటాచలానికి 2019లో రైలు దారి తెరిచారు, వెలిగొండలను తొలిచి ఆరున్నర కిలోమీటర్ల పైచిలుకు సొరంగం వేశారు. కృష్ణపట్నం రేవు రాయికి దగ్గరైంది. నాలుగు రోజులు ఆగితే చెడేది రాయి కాదు, ఉల్లి. అది ఇంకా బిల్టీని నమ్ముకుని పోతోంది.

చట్టం లేదా అంటే ఉంది. 2007 నాటి రోడ్డు సరుకు రవాణా చట్టం సరుకు పోగుచేసేవాణ్ణి, నిల్వపెట్టేవాణ్ణి, ముందుకు పంపేవాణ్ణి, బుకింగ్ కంపెనీని, ఏజెంటును, బ్రోకరును అందరినీ 'కామన్ క్యారియర్' అనే ఒక్క గొడుగు కిందికి తెచ్చి, రిజిస్టరు చేసుకోమంది. 2011 నిబంధనలు నష్టపరిహారానికి కిరాయికి పదింతల దాకా హద్దు పెట్టాయి. ఉల్లి లోడు మీద అది మరీ తక్కువేం కాదు. అడిగేవాడి పేరు బిల్టీ మీద ఉంటే కదా! కస్టమ్స్ బ్రోకరుకు పరీక్ష ఉంది, లైసెన్సు ఉంది, వాళ్ల గుమాస్తాలకు కూడా హెచ్ కార్డని, జి కార్డని మెట్లున్నాయి. 1993 నాటి బహువిధ రవాణా చట్టం ఇంటి గుమ్మం నుంచి విదేశీ గోదాము దాకా ఒకే కాగితం, ఒకే జవాబుదారు అని చక్కటి మాట చెప్పింది. అయితే అందులో రిజిస్టరు కావాలంటే కనీసం రెండు పరాయి దేశాల్లో ఆఫీసో ఏజెంటో ఉండాలి. మా మైదుకూరు బ్రోకరుకు పొద్దుటూరులో కూడా ఏజెంటు లేడు. ఇక ఫార్వర్డరు అన్న పేరుతో ఈ దేశంలో విడిగా లైసెన్సంటూ లేదు. ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు, ఎప్పుడైనా ఫోను ఆపేయవచ్చు.

ఒకప్పుడు ఇదే నల్లమల అడవిలో ఇంతకంటే నయంగా ఉండేది. కోస్తా ఉప్పును ఎద్దుల మీద కనుమలు దాటించి దక్కనుకు చేర్చినవాళ్లు లంబాడీలు. తండా అనే మాటకు మొదట ఆ ఎద్దుల బిడారనే అర్థం. బిడారుకో నాయకుడు ఉండేవాడు, సరుకు సంగతి ఆయన్నే అడిగేవాళ్లు. ఇంకా వెనక్కి పోతే, 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో శాసనం వేయించాడు. అంతకు ముందు రాజులు తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాగేసుకునేవాళ్లు. అంటే అప్పటికీ ఓనర్స్ రిస్కే. ఆయన అది మాన్పించి, కట్టాల్సిన సుంకం తప్ప ఇంకేమీ ముట్టనని రాతి మీద రాయించాడు. 1358లో అనపోతారెడ్డి అదే రేవులో వర్తకులకు మళ్లీ భరోసా ఇచ్చాడు. ఆయన తండ్రి ప్రోలయ వేమారెడ్డే శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడు. కొండెక్కే భక్తుడికి తండ్రి మెట్లు వేస్తే, ఓడ దిగే వర్తకుడికి కొడుకు అభయమిచ్చాడు. ఒక ఇంట్లో పుట్టిన రెండు పనులివి.

ఇక కాగితం మీది దారులంటారా, అవి మాకు కొత్త కాదు. కర్నూలు–కడప కాలువను సేద్యంతోపాటు పడవలకు కూడా అనే తవ్వారు, ఇవాళ అందులో పడవ కనిపించదు. 2016 జలమార్గాల చట్టం ప్రకారం మా ఇంటి ముందు కృష్ణ కూడా నాలుగో జాతీయ జలమార్గమే. వజీరాబాద్ నుంచి కర్ణాటకలోని గలగలి దాకా పొడిగించారు. శ్రీశైలం డ్యామ్‌కు పడవ దాటే లాకు లేదన్న సంగతి రాసినవాళ్లకు ఎవరు చెబుతారో!

కాబట్టి నేను కొత్త దారి అడగబోవడం లేదు. మీ సమాఖ్య 1962 నుంచి ఉంది. 1926లో వియన్నాలో పుట్టిన ప్రపంచ సంఘం ఫియాటాలో మీకు పీట ఉంది. ఫియాటా పేరుతో ఇచ్చే బిల్లును బ్యాంకులు కూడా మన్నిస్తాయి. అంటే కాగితానికి మాట విలువ తేవడం మీకు వచ్చిన విద్యే. ఆ విద్యను రేవులు, విమానాశ్రయాలు, కంటైనర్ డిపోలు దాటించి నంద్యాల, మైదుకూరు, రైల్వేకోడూరు దాకా తీసుకురండి. మా బ్రోకరాఫీసులను చిన్నచూపు చూడకుండా సంఘంలో చేర్చుకోండి. చేర్చుకునే ముందు షరతు పెట్టండి: రిజిస్ట్రేషన్ ఉండాలి, బిల్టీ తెలుగులో ఉండాలి, దాని మీద పండించినవాడి పేరు, తూకం, చేర్చే వేళ ఉండాలి, ఆ స్టాంపు ఉండకూడదు. వేళ రాయాల్సి వస్తే బ్రోకరు తనంతట తానే అడవి గేట్ల లెక్క నేర్చుకుంటాడు. ఇంత బాధ్యత ఊరికే రాదు, బీమా కావాలి. చిన్న ఆఫీసు ఒంటరిగా అడిగితే బీమా కంపెనీ కూర్చోమని కూడా అనదు. సంఘం అడిగితే వింటుంది. బీమా సొమ్ము కొంత కిరాయిలో కలుస్తుందని నాకు తెలుసు. తిరుగు కిరాయి కట్టిన ఆ ఉల్లి రైతును అడిగితే, అది భారమని అనడనే నా నమ్మకం.

మీ శిక్షణ సంస్థ పాఠాలు ఇంగ్లీషులో ఉన్నాయి. వాటిలో సగం తెలుగులో, నంద్యాలలో ఒక అద్దె గదిలో చెప్పించండి. డిగ్రీ చదివి టోల్‌ప్లాజాల్లో కూలికి కూర్చున్న పిల్లలు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఉత్త ఫోను, తెలిసిన నలుగురు డ్రైవర్లు పెట్టుబడిగా ఈ పని మొదలుపెట్టినవాళ్లూ ఉన్నారు. అందరూ మోసగాళ్లు కారు. నాలాగే మొదటిరోజు ఆ స్టాంపు చేతికిస్తే కొట్టడం నేర్చుకున్నవాళ్లు.

పిల్లలకు పాఠం చెప్పే మనిషి దొరక్కపోతే నన్ను పిలవండి, జీతం అక్కర్లేదు. ఒకవేళ మీరే చూసిపోదామని బయల్దేరితే ఉగాది ముందు వారం రండి, కాలినడక దారీ, లారీ దారీ రెండూ చూపిస్తాను. దోర్నాల మీదుగా వచ్చేట్టయితే రాత్రి తొమ్మిదిలోపు గేటు దాటండి.

ఇట్లు,
సున్నిపెంట నుంచి
ఒక పాత బుకింగ్ గుమాస్తా