రెండు రైళ్ల నడుమ నొక దినము



కరీబియను సముద్రమున విహారనౌకలపై దిరుగు దంపతులు ఒకనాడొక దీవిలో దిగి, జంటగా విహరించి, ఓడ కదలులోపల మరలివత్తురు. యాత్రకో పెండ్లికో పోవుచు ఉదయమున నాంపల్లి స్టేషనులో దిగి, రాత్రికి వేఱొక రైలెక్కవలసిన మనకును ఆ నడిమి దినము దీవివంటిదే. ఆనాడు పొయ్యి లేదు, చాకిరి లేదు. అయినను మనలో పెక్కండ్రు దానిని మూటలకు గావలి గూర్చుండియే గడపుదురు.

అట్లు చేయకుడు. సామాను భద్రపఱచి, పులిహోర పొట్లము చేతబట్టి, దాపుననున్న పబ్లిక్ గార్డెన్సునకు నడువుడు. చెట్లనీడయు, 1913 నాటి జూబిలీహాలును, మ్యూజియమునందలి ఈజిప్టు మమ్మీయు నచట గలవు. ఆదివారమైనచో ఆబిడ్సు కాలిబాటలపై పాతపుస్తకములను రాసులుగా బోసి యమ్ముదురు. మీవారికొకటి మీరును, మీకొకటి వారును ఏఱుడు. ఆఱవ నిజాము కొలువున నుండి, యిచట నంగడి పెట్టిన ఆల్బర్టు ఆబిదు పేరే యీ పేటకు నిలిచినది.

ప్రొద్దు వాలునపుడు ఆటోలో లుంబినీ పార్కునకు బోయి, పడవ యెక్కి, హుస్సేనుసాగరము నడుమ బుద్ధవిగ్రహమున్న దీవిని జేరుడు. 1990లో నీట మునిగిన యా యేకశిలావిగ్రహమును 1992లో వెలికిదీసి నిలిపిరి.

పడవలో బిడ్డల చదువు ఖర్చును, అంగడి బాకీయు నెత్తకుడు. మన యిండ్లలో ఆలుమగల సంభాషణ మంతయు నీ రెంటితోనే తీఱిపోవుచున్నది; ఏండ్లు గడచినకొలది ఒకరి మనసొకరికి దెలియకుండ బోవుచున్నది. ఉత్తరరామచరితమున శ్రీరాముడు మురిపెముగా దలచుకొన్నది సింహాసనమును గాదు; అడవిలో సీతతో దెల్లవాఱులు చెప్పుకొన్న యూసులను. అట్టి మాటలకు ధనము వలదు. తీఱిక గల యొక దినము చాలును.