ఓడ ఆగిన పగలు

విహారనౌక ఒక ద్వీపపు రేవులో ఒక్క పగలు ఆగితే ఆ పగటిని ఎలా వినియోగించుకోవాలన్న ప్రశ్న మన కళాశాల వార్షిక సంచికకు తగినదేనా అని పాఠకులు సందేహించవచ్చు. అది ధనవంతుల వినోదం, మనకెందుకు అనవచ్చు. కాని నేడు ఆ నౌకలలో భోజనం వడ్డించేవారిలో, వంట చేసేవారిలో, గదులు సర్దేవారిలో మన దేశపు యువకులు ఎందరో ఉన్నారు. మన విద్యార్థులలో ఎవరైనా రేపు మారిషస్ రాజధాని పోర్ట్ లూయీలో దిగితే, టిక్కెట్టు కొన్న యాత్రికుడుగా కంటె ఒప్పందం మీద పనిచేసే ఉద్యోగిగా దిగడానికే అవకాశం ఎక్కువ. ఆ రేవు చరిత్ర ఎరిగినవారికి ఒప్పందం అనే మాట మామూలు మాటగా వినిపించదు.

మారిషస్ పొడవు సుమారు 65 కిలోమీటర్లు, వెడల్పు 45. పటంలో చూస్తే అరచేతిలో ఇమిడేటట్లుంటుంది. మోసపోయేది అక్కడే. ఉదయం ఓడ దిగి, టాక్సీ మాట్లాడుకొని, నైరుతి దిక్కున షమరెల్‌లోని ఏడు రంగుల నేల, కొండల నడుమ గంగా తలావ్, పాంప్లెమూస్ ఉద్యానవనం, చివరకు ఒక సముద్రతీరం – ఇన్నీ చూసి సాయంకాలానికి తిరిగి రావాలన్న పథకం సర్వసాధారణం. తీరా చూస్తే పగలంతా కారు కిటికీలో నుండి చెరకుతోటలు చూడడమే మిగులుతుంది. సాయంవేళ రాజధాని దారులు వాహనాలతో కిక్కిరిసిపోతాయి. ఓడవారే ఏర్పాటు చేసిన యాత్ర ఆలస్యమైతే ఓడ సాధారణంగా వేచి ఉంటుంది. సొంతంగా వెళ్ళినవాని కోసం ఆగదు. ఈ భయంతోనే చాలామంది హెచ్చు ధర చెల్లించి వారి బస్సు ఎక్కుతారు. ఊరు దాటకుండా ఉంటే ఆ ఖర్చూ లేదు, ఆ భయమూ లేదు. తెల్లని ఇసుక చూడవద్దా అంటారేమో! ఇసుకకేమి, బాపట్ల దగ్గర సూర్యలంకలోనూ ఉంది.

పోర్ట్ లూయీలో తప్ప మరెక్కడా చూడలేనిది ఆప్రవాసీ ఘాట్. మారిషస్‌లో 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. తోటల యజమానులకు చవకగా పనిచేసే చేతులు కావలసి వచ్చాయి. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో 36 మంది భారతీయ కూలీలు దిగారు. అది మొదలు సుమారు 1920 వరకు దాదాపు ఐదు లక్షల మంది వచ్చారు. వారిని దింపి, లెక్కించి, తోటలకు పంచిపెట్టడానికి 1849లో అక్కడ డిపో నెలకొల్పారు. దానిని అప్పట్లో కూలీ ఘాట్ అనేవారు. నీటి అంచు నుండి పైకి రాతి మెట్లు 16. ఎక్కినవారికి ఒకటి రెండు రోజులు అక్కడే బస, తిండి; తరువాత ఐదేళ్ళ ఒప్పందం మీద ఏదో ఒక తోట. ప్రతి మనిషికి ఒక సంఖ్య ఇచ్చారు. కలకత్తా నుండి వచ్చినవారే ఎక్కువైనా, మద్రాసు రేవు నుండి, మన గోదావరి, విశాఖ తీరాల నుండి వెళ్ళిన తెలుగువారు తక్కువేమీ కాదు. నేడు ఆ డిపోలో చాలా భాగం రహదారి కిందకు పోయింది. మిగిలిన వంటశాలలు, ఆసుపత్రి గదులు, మెట్లు 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. అరగంటలో చుట్టిరాదగినంత చిన్న చోటు. అయినా రెండు గంటలు కేటాయించమంటాను. పక్కనే ఉన్న ప్రదర్శనశాలలో నాటి పత్రాలను నిలబడి చదవాలి.

తమ వంశంలో ఎవరైనా ‘మిరిచ్ దేశం’ వెళ్ళి తిరిగి రాలేదని ఇంటి పెద్దలు చెప్పగా విన్నవారికి ఆ పగలు మరింత విలువైనది. ఒప్పంద కూలీల రిజిస్టర్లు నగరానికి సమీపంలో మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. ముందుగా ఉత్తరం వ్రాసుకొని వెళ్ళడం మేలు. ఓడ దిగి తలుపు తట్టితే పని జరగదు.

ఘాట్ నుండి నడిచిపోదగిన దూరంలోనే, రాయల్ రోడ్డుపై 1850లలో మొదలుపెట్టిన జుమ్మా మసీదు ఉంది. దాని ప్రాంగణంలో ఒక పాత బాదం చెట్టు. ఈ ఊరిలోనే 1901లో ముస్లిం వర్తకులు తాహెర్ బాగ్‌లో గాంధీజీకి స్వాగతసభ జరిపారు. దక్షిణాఫ్రికా నుండి స్వదేశానికి వస్తూ, ఓడ ఆగినందువల్ల ఆయన ఆ ద్వీపంలో దాదాపు మూడు వారాలు గడిపారు. పిల్లలను చదివించండని భారతీయులకు చెప్పారు. నేడు అక్కడి పాఠశాలలలో తెలుగు, ఉర్దూ రెండూ బోధిస్తున్నారు. ఉగాదికీ ఈదుల్ ఫిత్ర్‌కూ దేశమంతటా సెలవు. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది ఆ ద్వీపంలోనే. రెండు భాషల నీడలో చదువుకుంటున్న మనకు ఇంతకంటె దగ్గరి ఊరు సముద్రానికి ఆవల ఏది?

భోజనానికి హోటలు వెదకనక్కరలేదు. సెంట్రల్ మార్కెట్ పరిసరాలలో వేడి వేడి దాల్ పూరీ దొరుకుతుంది. మన ఫలూదాకు చుట్టమైన ‘అలూదా’ మార్కెట్లోనే త్రాగాలి. ఇంకా వేళ మిగిలితే సిటాడెల్ కోట ఎక్కి రేవును చూడవచ్చు. మిగలకపోతే చింత లేదు. మూడు గంటలే సెలవు దొరికిన ఉద్యోగి కోటను, మార్కెట్టును విడిచిపెట్టి ఘాట్‌కు, మసీదుకు పోతే చాలు. అక్కడి కాలం మనకంటె గంటన్నర వెనుక. ఓడలోని గడియారం ఏ కాలాన్ని చూపుతున్నదో దిగకముందే అడిగి తెలుసుకోవాలి. ఏ వారం ఆగుతుందో కూడా చూసుకోవాలి. ఆదివారమైతే ఘాట్ మూసి ఉంటుంది. శుక్రవారం మధ్యాహ్నమైతే మసీదు నమాజుకు వచ్చినవారితో నిండి ఉంటుంది. చూడవచ్చినవారు బయట వేచి ఉండాలి, నమాజు చేసేవారు లోపలికే వెళ్ళవచ్చు.