రోబో చేస్తుందా, డాక్టరు చేస్తాడా?

"కిడ్నీలో గడ్డ ఉంది, రోబోతో తీయించుకుంటే మంచిది" అని డాక్టరు అనగానే మన ఐటీ జనాల్లో రెండు రకాల వాళ్ళు బయటికొస్తారు. "లేటెస్ట్ టెక్నాలజీ కదా, ఇక తప్పులుండవు" అనేవాళ్ళు ఒకరు. "అదంతా బిల్లు పెంచే వేషం" అనేవాళ్ళు ఇంకొకరు. నన్నడిగితే ఇద్దరూ సగం సగమే కరెక్టు.

అసలు దీన్ని రోబో అనడంతోనే గందరగోళం మొదలైంది. 2000లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి పొందిన డావిన్సీ మెషీను తనంతట తాను ఒక్క కోత కూడా కొయ్యదు. సర్జను కన్సోల్ ముందు కూర్చుని చేతులు కదిపితే, పేషెంటు ఒంట్లో ఉన్న పనిముట్లు అలాగే కదులుతాయి. మన భాషలో ఇది ఆటోమేషన్ కాదు, రిమోట్ డెస్క్‌టాప్ :)

కిడ్నీ మొత్తం తీసెయ్యడానికి మామూలు లాప్రోస్కోపీ చాలు. 1990లో రాల్ఫ్ క్లేమన్ ఆ పని చేసి చూపించారు. చిక్కంతా గడ్డ ఒక్కటే తీసి కిడ్నీని మిగల్చడంలో ఉంది. రక్తం కారకుండా కిడ్నీకి వెళ్ళే ధమనిని క్లాంపుతో బిగిస్తారు. అక్కణ్ణుంచి గడియారం పరిగెడుతుంది. వీలైతే 25 నిమిషాల్లోపు గడ్డ కోసి, కుట్లు వేసి, క్లాంపు వదలాలి. ఆలస్యమైనకొద్దీ మిగిలిన కిడ్నీకే దెబ్బ. ఈ డెడ్‌లైన్‌కి ఎక్స్‌టెన్షన్ అడగడానికి మేనేజరు లేడు.

లాప్రోస్కోపీ పనిముట్లు నిటారు కడ్డీలు. వాటితో లోపల కుట్లు వెయ్యడం ఏళ్ళ తరబడి సాధన చేస్తేగానీ రాదు. రోబో పనిముట్లకి మణికట్టు ఉంటుంది, సర్జనుకి 3డీలో కనిపిస్తుంది, చేతి వణుకు వడకట్టబడుతుంది. పోల్చిచూసిన అధ్యయనాల్లో రోబోతో క్లాంపు టైము, మధ్యలో ఓపెన్ సర్జరీకి మారాల్సిన అవసరం తగ్గినట్టు చాలావాటిలో కనిపిస్తుంది. అయితే వాటిలో ఎక్కువ భాగం పాత రికార్డులు తిరగేసి చేసినవే. గడ్డని అంచులతో సహా శుభ్రంగా తియ్యడంలో మాత్రం పెద్ద తేడా కనపడదు.

ఇక డబ్బు సంగతి. డావిన్సీ పనిముట్లలో ఉండే చిప్పు వాడకాన్ని లెక్కపెడుతుంది. లిమిట్ అయిపోతే బాగానే ఉన్నా పనిచెయ్యదు. లైసెన్స్ ఎక్స్‌పైరీ మనకి కొత్తా? ఆ ఖర్చు బిల్లులోకే వస్తుంది. ఇన్సూరెన్సులో రోబో సర్జరీని కవర్ చెయ్యాలని ఐఆర్‌డీఏఐ 2019లో చెప్పింది, కానీ కంపెనీలు సబ్‌లిమిట్ పెట్టుకోవచ్చు. కాబట్టి ఆఫీసు పాలసీలో ఆ లైను ముందే చదువుకోండి.

నా అభిప్రాయం ఇదీ. గడ్డ ఎంత చిక్కైనదో చెప్పే 'రెనల్ స్కోరు' 2009 నుంచి ఉంది, 4 నుంచి 12 దాకా. స్కోరు తక్కువుండి, చెయ్యి తిరిగిన లాప్రోస్కోపీ సర్జను దొరికితే, రోబో కోసం అప్పు చెయ్యక్కర్లేదు. స్కోరు 10, ఆపైన ఉంటే, లేదా పేషెంటుకి ఉన్నదే ఒక్క కిడ్నీ అయితే, నా ఓటు రోబోకే. షుగరున్న మా కొలీగ్ నాన్నగారి విషయంలోనూ ఇదే చెప్పాను. ఆ వయసులో కిడ్నీ పోతే మిగిలిన రెండోదాని మీద ఎంత భారమో ఆలోచించండి.

అయితే "మీ దగ్గర రోబో ఉందా?" అని మాత్రం అడక్కండి. "స్కోరెంత? పోయిన ఏడాది ఇలాంటివి మీ చేత్తో ఎన్ని చేశారు? వాటిలో ఎన్నిసార్లు కిడ్నీ మొత్తం తియ్యాల్సొచ్చింది?" అని అడగండి. మంచి ఐడీఈ కొన్నంత మాత్రాన మంచి కోడు రాదని మనకంటే బాగా ఎవరికి తెలుసు?