వేడి కాదు

పిల్లవాడు మూత్రానికి వెళ్ళి ఏడిస్తే తిరుత్తణిలో మనవాళ్ళం ‘వేడి చేసింది’ అంటాము. పక్కింటి తమిళులు ‘సూడు’ అంటారు. భాష వేరైనా వైద్యం ఒకటే: బార్లీ నీళ్ళు, పలుచని మజ్జిగ, సబ్జాగింజలు. మా మేనల్లుడికీ పదునైదు రోజులు అవే పట్టించాము. మంట తగ్గలేదు సరిగదా, ఒకనాడు నెత్తురు చుక్కలు కనిపించినవి.

తిరువళ్ళూరు తీసుకువెళ్ళి ఎక్స్‌రే తీయించాము. మూత్రాశయంలో మిరియాలంత గుండ్లు రెండు, ఒకదానినొకటి అంటుకొని ఉన్నవి. ఆటవస్తువులలోని అయస్కాంతపు పూసలు! తొమ్మిదేళ్ళవాడు, ఏమవుతుందో చూద్దామని మూత్రద్వారంలో పెట్టుకున్నాడట. లోపలికి జారిపోయినవి. చెబితే కొడతామని నోరు మెదపలేదు. మా కళ్ళజోడు విరగ్గొట్టిననాడు వాణ్ణి బాదిన చెయ్యి మాదే గదా!

లోహమైతే ఎక్స్‌రేలో తెలుస్తుంది. ప్లాస్టిక్కు, పుల్ల, గింజ వంటివి చాలావరకు తెలియవు, అల్ట్రాసౌండు చూడాలి. తీయడానికి మత్తు ఇచ్చి, మూత్రమార్గం గుండానే సన్నని దుర్బిణీ గొట్టం పంపి, చిన్న పటకారుతో పట్టి లాగుతారు. అటువంటి గొట్టాన్ని 1879లో నిట్జే అనే జర్మను వైద్యుడు వియన్నాలో చూపించాడు. ఇప్పుడు పిల్లలకు పెన్సిలుకంటె సన్ననివి ఉన్నవి. మావాడికి అంతటితో సరిపోయింది. పూసలు ఎక్కువై ముద్దకట్టినా, వస్తువు వాడిగా ఉన్నా, పొత్తికడుపు దిగువన చిన్న కోత పెట్టవలసి రావచ్చు. ఉండనిస్తే దానిచుట్టూ లవణాలు పేరుకొని రాయి అవుతుంది.

ఇంట్లో పిన్నుతోనో చిమటాతోనో లాగబోకండి; ఇంకా లోపలికి పోతుంది. మూత్రం బిగిసిపోయినా, జ్వరమో నెత్తురో కనిపించినా ఆనాడే ఆస్పత్రికి వెళ్ళాలి. గుండీవంటి బ్యాటరీ అయితే గంటలు కూడ ఆగరాదు, లోపల కాలుస్తుంది. తిరువళ్ళూరులో 2022 నుంచి ప్రభుత్వ వైద్యకళాశాల ఉన్నది. చెన్నపట్నం ఎగ్మూరులో పిల్లల ఆస్పత్రి సరేసరి.

మరొక మాట, రాయడానికి చెయ్యి వెనుకాడుతున్నది. ఒక్కొక్కప్పుడు ఆ పని చేసింది బిడ్డ కాకపోవచ్చు, పెద్దలెవరో కావచ్చు. అందుకే డాక్టరమ్మ మమ్మల్ని వరండాలోకి పంపి, వాడితో ఒంటరిగా మాట్లాడింది. అటువంటిదేమీ లేదని తేలింది. ఉన్నట్లయితే 1098కు ఫోను చేయవచ్చునని చెప్పింది.

మత్తు దిగి కళ్ళు తెరిచాక వాడు నొప్పి మాటే ఎత్తలేదు.

“మామయ్యా, ఇంటికి పోయినాక కొడతావా?” అన్నాడు.